రోజుకొక్క తూటా

"మనవరాలికా?" అని అడిగాడు ఇనుప సామాన్ల కొట్టాయన, పొడుగాటి అట్టపెట్టెను బల్లమీద పెడుతూ.

"నాకే," అంది ఐలా.

ఆయన ఆమెను పైనుంచి కింద దాకా చూశాడు. దానికి ఎక్కువసేపు పట్టలేదు. ఐలా అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఇరవై రెండేళ్ళుగా స్కూలు వంటింట్లో గంగాళాలు ఎత్తీ దించీ కుడి భుజంలో నరం తెగింది, కుట్లు పడ్డాయి. ఇప్పుడు ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు.

"కొట్లో అన్నిటికంటే చవకది ఇదే," అన్నాడాయన, ముందే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. "పొట్టి రైఫిలు. చెక్క లేదు, అంతా ప్లాస్టిక్కే. భుజానికి ఆనే ఈ మడమలో ముక్క తీసేస్తే ఇంకో అంగుళం పొట్టి అవుతుంది. తూటా కూడా చిన్నదే, భుజాన్ని మరీ అంతగా తన్నదు."

ఐలా దాన్ని భుజానికి ఆనించుకుంది. కన్ను ఎక్కడా వెతుక్కోకుండా నేరుగా గురిచూసే స్కోపులోకి వెళ్ళింది. తూటా ఎక్కించే బోల్టు వెనక్కి లాగితే ఇసుక పడ్డ తలుపు బందులా గరగరమంది. మడమ మీద వేలితో కొడితే ఖాళీ టిఫిను డబ్బా మోత. ఇంటికి వేరే సామాను కొన్నప్పుడైతే ఈ రెంటిలో ఏ ఒక్కదానికైనా ఆమె వెనక్కి ఇచ్చేసేదే.

"కట్టివ్వండి," అంది.

పోయిన నవంబరులో ఆమె ఒక జింకను గాయపరిచి పోగొట్టుకుంది. మామగారి రైఫిలుతో. అది ఆయన ఎత్తుకు తగిన రైఫిలు, ఆరడుగుల మనిషిది. వాల్‌నట్ చెక్క, బారెడు గొట్టం. ఇంట్లో అందరూ దాన్ని చర్చిలో వస్తువులా చేతుల్లోకి తీసుకుంటారు. లావుపాటి ఉన్ని కోటు మీద దాని మడమ ఐలాకి భుజంలో కాక చంకలో ఇరుక్కుంది. స్కోపులో సగం నల్లగా కనబడింది. ఆ సగంలోంచే ఆమె పేల్చింది. కొమ్ముల జింక వీపు వంచి, ఒక్కసారి వెనక్కి చూసి, సీడార్ చెట్ల చిత్తడిలోకి పోయింది. పొట్టలో తగిలిందని ఆమెకి అప్పుడే తెలుసు. అందరూ కలిసి ఆ రోజంతా నెత్తుటి చుక్కల వెంట నడిచారు. మధ్యాహ్నం మంచు కురిసి చుక్కల్ని కప్పేసింది.

గురి తప్పితే వేట క్యాంపులో పెద్ద అవమానమేం కాదు. తప్పినవాడి చొక్కా అంచు కత్తెరతో కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి గోడకి మేకు కొడతారు, అంతే. నవ్వుతారు, బీరు పోస్తారు. కాని గాయపడి పోయిన జింకకి ఎవరూ కత్తెర తియ్యలేదు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర బావగారు ఆర్విడ్ బూట్లు విప్పుతూ అన్నాడు: "వచ్చే ఏడు సీడార్ మంచె మీద ట్రావిస్ కూర్చుంటాడు. నువ్వు మాంసం పాస్టీలు బాగా చేస్తావు ఐలా."

ట్రావిస్ అతని అల్లుడు. మంచివాడే. కాని ఆ మంచె ఐలా పద్దెనిమిదేళ్ళుగా కూర్చున్న మంచె. ఆ చిత్తడి అంచున ఏ ఆడజింక ఏ వేళకి దాటుతుందో ఆమెకి తెలుసు. ఇంట్లో చలికాలమంతా ఫ్రీజరులో ఉండే మాంసంలో సగం అక్కడిదే.

వాదించి వాదించి ఆర్విడ్‌తో ఒక్క మాట మాత్రం అనిపించుకోగలిగింది. నవంబరు మొదటి శనివారం, క్యాంపుకి కట్టెలు కొట్టుకునే రోజున, అందరి ముందూ వంద అంగల దూరంలో కాగితం పళ్ళెంలో మూడు తూటాలు పెట్టాలి. పెడితే మంచె ఆమెది. లేకపోతే పొయ్యి.

ఆర్విడ్‌ని ఒప్పించడం సగం పనే అని ఐలాకి తెలుసు. ఆ జింక వెనక్కి చూసిన చూపు ఆమెకి పిండి కలుపుతున్నప్పుడు కూడా గుర్తొచ్చేది. తనమీద తనకి నమ్మకం కుదరకపోతే ఆర్విడ్ ఇచ్చినా మంచె ఎక్కకూడదని ఆమె అనుకుంది.

సెప్టెంబరులో ఒక శనివారం భర్త రూబెన్‌తో కలిసి ఇంటి వెనక కంకర గుంటకి వెళ్ళింది. రూబెన్ అంగలు లెక్కపెట్టి పళ్ళెం కట్టాడు. ఐలా గబగబా అయిదు పేల్చింది. మొదటిది నడిమధ్యన పడింది. రెండోది అంగుళం పైకి. మూడోది ఇంకా పైకి, కుడికి. అయిదోది పళ్ళేనికి పైన, గాలిలోకి పోయింది.

"చూశావా, నిచ్చెనెక్కుతోంది," అన్నాడు రూబెన్. "తుపాకీ తప్పు ఐలా, నీది కాదు. రశీదు ఉందిగా, వెనక్కి ఇచ్చెయ్. ఇంకో నాలుగేళ్ళు ఆగితే మంచిది కొనుక్కోవచ్చు."

"నాలుగేళ్ళకి నాకెంతొస్తాయి?"

"యాభై ఎనిమిది. ముసలిదానివేం కావు."

"పొయ్యి దగ్గర నాలుగేళ్ళు కూర్చుంటే అవుతాను."

గొట్టం మీద చెయ్యి వేసి చూసింది. చుర్రుమంది. బొటనవేలి లావు లేదు ఆ గొట్టం. అయిదు దెబ్బలకే సలసలా కాగిపోయింది. ఆమెకి స్కూలు వంటింట్లోని పెనాలు గుర్తొచ్చాయి. దళసరి ఇనప పెనం వేడెక్కడానికి అరగంట తీసుకుంటుంది, ఎక్కాక ఒకలాగే ఉంటుంది. పలచటి రేకు పెనం అలాకాదు, మొదటి అట్టుకీ నాలుగో అట్టుకీ పొంతన ఉండదు. రేకు పెనం చెడ్డదేం కాదు. దానిమీద వంట చేసే పద్ధతి వేరు.

"రూబెన్, అడవిలో నువ్వు జింక మీద ఎన్ని పేలుస్తావు?"

"ఒకటి. బాగా జరిగితే."

"గొట్టం వేడిగా ఉంటుందా అప్పుడు?"

"పొద్దున్నే నవంబరులో? ముక్కే గడ్డకడుతుంది."

"మరి వేడి గొట్టంతో నాకేం పని? అందరూ మొదటి అట్టు పక్కన పారేస్తారు. అడవిలో దొరికేది ఆ మొదటి అట్టు ఒక్కటే. అదెలా వస్తుందో చూడాలి నేను."

రూబెన్ టోపీ వెనక్కి తోసి తల గోక్కున్నాడు. "మొదటిది నడిమధ్యనే పడింది, అది నిజం," అన్నాడు.

మర్నాటినుంచి రోజుకి ఒక్కటే తూటా. స్కూల్లో చివరి గంగాళం తోమి, ఆప్రను విప్పి, ఇంటికొచ్చి, వేసవికి ముందు పెట్టెలో పెట్టిన ఉన్ని కోటు తీసి తొడుక్కునేది. దానిమీద వేటకి వేసుకునే నారింజరంగు చొక్కా. సెప్టెంబరు ఎండలో చెమటలు కారేవి. పక్కింటావిడ కిటికీలోంచి చూసి రూబెన్‌ని అడిగిందట, ఐలాకి ఒంట్లో బాగానే ఉందా అని. కోటుతో మడమ సరిపోతుందో లేదో కోటు లేకుండా ఎలా తెలుస్తుంది? రెండో రోజునే తెలిసింది, సరిపోలేదని. మడమలో ఆ ముక్క తీసేసింది. అప్పుడు సరిపోయింది.

తలకిందులు చేసిన బకెట్టు మీద కూర్చునేది, మంచె మీద కూర్చున్నట్టే. ఒక్కటి పేల్చేది. నడిచి వెళ్ళి అదే పళ్ళెం ఊడదీసి తెచ్చేది. కన్నం పక్కన పెన్సిలుతో తేదీ వేసేది. మర్నాడు మళ్ళీ అదే పళ్ళెం. వానొచ్చినా అంతే. సరస్సు మీంచి గాలి పళ్ళేన్ని చప్పట్లు కొట్టిస్తున్నా అంతే. పన్నెండు రోజులు గడిచేసరికి పన్నెండు కన్నాలూ అరచేతిలో పట్టేంత చోటులో ఉన్నాయి.

పదమూడో రోజుది నాలుగంగుళాలు ఎడమకి పడింది.

ఆ సాయంత్రం ఆమె అన్నం ముట్టలేదు. చెయ్యి వణికిందా? లేదు. ఊపిరి బిగపట్టడం మరిచిందా? లేదు. రూబెన్ "ఒక్కరోజు, పోనిద్దూ" అన్నాడు. పోనివ్వడానికి అది కూరలో ఉప్పు కాదు. ఆ నాలుగంగుళాలే జింక గుండెకీ పొట్టకీ మధ్య దూరం. వంటింటి బల్లమీద రైఫిలు పెట్టి, ఆ రోజు చేసినవన్నీ ఒక్కొక్కటే మళ్ళీ చేసింది. ఆ రోజు కూడా బకెట్టు మీదే కూర్చుంది. కాని ముందున్న దుంగ మీద, రోజూలా రైఫిలు కింద తూటాలు నింపే పెట్టె దగ్గర కాక, ముందుభాగాన్ని ఆనించింది, చెయ్యి నొప్పిగా ఉందని.

సొరుగులోంచి బేకింగు కాగితం చించి గొట్టానికీ కింది ప్లాస్టిక్కుకీ మధ్య దూర్చింది. ఇటూ అటూ జారింది. రైఫిలు ముందుభాగాన్ని బల్ల అంచుకి ఆనించి కొంచెం బరువు మోపింది. కాగితం బిగుసుకుపోయింది. ప్లాస్టిక్కు మెత్తన, వంగి గొట్టాన్ని పక్కకి తోస్తోంది.

"రూబెన్! ఇలా రా! ఈ కాగితం లాగు."

"రావట్లేదు."

"ఇప్పుడు?" రైఫిలును ముందుకి జరిపి, తూటాల పెట్టె దగ్గర ఆనించింది.

"వచ్చేసింది. ఏమిటిది, ఇంద్రజాలమా?"

"పనికిమాలిన ప్లాస్టిక్కు," అంది ఐలా సంతోషంగా.

అంతటితో ఊరుకోలేదు. మరో మూడు రోజులు కావాలని తప్పుగా ఆనించి పేల్చింది. మూడూ ఎడమకే పోయాయి. తర్వాత మళ్ళీ సరిగ్గా ఆనించి మొదలుపెట్టింది. రైఫిలుకున్న లోపం ఏదో, ఎంతో ఇప్పుడామెకి తెలుసు. మామగారి రైఫిలు గురించి పద్దెనిమిదేళ్ళలో అంత తెలుసుకోలేదు. దాన్ని మెచ్చుకోవడమే తప్ప ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు.

నవంబరు మొదటి శనివారం నాటికి పళ్ళెం మధ్యలో పిడికిలంత చిరుగు పడింది. తేదీలు రాయడానికి చోటు లేక అంచు వెంబడి రాసింది.

క్యాంపు దగ్గర మధ్యాహ్నం దాకా కట్టెలు కొట్టారు. ఐలా తెచ్చిన పాస్టీలు తిన్నారు. చేతులు తుడుచుకుని ఆర్విడ్ లేచాడు. అరవై ఆరేళ్ళ మనిషి, గడ్డం నిండా రంపపు పొట్టు.

"ఏదీ, నీ ఆటబొమ్మ తియ్యి. క్రిస్మస్ ముందే వచ్చిందే!"

"బ్యాటరీలు వేశావా అత్తయ్యా?" అన్నాడు ట్రావిస్, ఆర్విడ్ నవ్వాడు కదా అని. వెంటనే ఐలా మొహం చూసి తల దించుకున్నాడు.

ఐలా బకెట్టు బోర్లించి కూర్చుంది. పేల్చింది. ట్రావిస్ దూరదర్శినిలో చూసి, "మధ్యన," అన్నాడు.

ఆమె బోల్టు తెరిచి రైఫిలును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఊఁ, కానీ," అన్నాడు ఆర్విడ్.

"గొట్టం చల్లారాలి."

"చల్లారాలా? జింకని కూడా కాసేపు ఆగమంటావా? కాఫీ పోసిస్తావా దానికి?"

"జింక దగ్గర రెండోది ఉండదు ఆర్విడ్. ఉంటే మొదటిది తప్పినట్టే. నువ్వు చూడాల్సింది మొదటిదే." ఆమె సంచిలోంచి పాత పళ్ళెం తీసి ఇచ్చింది. "నలభై ఎనిమిది రోజులు. నలభై ఎనిమిది మొదటివి."

ఆర్విడ్ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈ నాలుగేమిటి, ఎడంపక్క?"

"ఒకటి తప్పు. మూడు ఆ తప్పు ఏమిటో చూసుకోవడానికి."

"ఇంటి దగ్గర ఎవరైనా కొడతారు."

"అయితే నువ్వూ కొట్టు. ఇప్పుడే. గోడమీంచి తీసిన నీ రైఫిలు తీసినట్టే. ఒక్కటే."

రూబెన్ గొంతు సవరించుకున్నాడు. అన్నతో మాట్లాడేటప్పుడు అతను ఎప్పుడూ బూట్లవైపు చూస్తాడు. ఇప్పుడూ అటే చూస్తూ, "న్యాయమే కదా," అన్నాడు.

ఆర్విడ్ ప్రతి ఏడూ ముందు రెండు తూటాలు ఇసకగట్టులోకి వదులుతాడు. తర్వాతే పళ్ళెం మీద మూడు. నాన్న కాలంనుంచీ అదే పద్ధతి. అవి పళ్ళెంలో పడతాయి, ఎప్పుడూ పడతాయి. ఆపైన గొట్టం నిండా నూనె పట్టించి గోడకి తగిలిస్తాడు. సరస్సు తేమకి తుప్పు పట్టకుండా. వేట మొదలయ్యే పదిహేనో తారీఖు పొద్దున అలాగే అడవిలోకి తీసుకుపోతాడు.

"రెండు వదలకుండానా?"

"అడవిలో ముందు రెండు వదులుతావా?"

ట్రావిస్ అవతలికి తిరిగి నవ్వాపుకున్నాడు. ఆర్విడ్ అది చూశాడు. లోపలికి వెళ్ళి రైఫిలు తెచ్చాడు. బకెట్టు మీద కూర్చున్నాడు. పెద్ద మనిషి కింద బకెట్టు కిర్రుమంది. పేల్చాడు. మూతిలోంచి నీలంగా నూనె పొగ లేచింది.

ట్రావిస్ దూరదర్శినిలోంచి కళ్ళు తియ్యలేదు. చాలాసేపు వెతికాడు.

"చెప్పవోయ్," అన్నాడు ఆర్విడ్.

"పళ్ళెంలో లేదు మామయ్యా. పైన, అట్టముక్క మీద ఉంది. ఆరంగుళాలు."

రూబెన్ నవ్వేశాడు. "గోడమీది చొక్కా ముక్కల్లో సగం నీవెందుకో ఇప్పుడు తెలిసింది!"

ఆర్విడ్ తమ్ముడివైపు చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఐలా నవ్వలేదు. బోల్టు తెరిచి గొట్టంలోకి చూస్తున్న ఆ ముసలాయన మెడ ఎర్రబడడం ఆమె చూసింది. ముప్ఫై ఏళ్ళుగా తప్పిన ప్రతి జింకనీ ఆయన లెక్కేసుకుంటున్నాడు కాబోలు.

"నూనె," అన్నాడు ఆర్విడ్ చివరికి, ఎవరితోనో తెలియకుండా.

"పొడి గుడ్డతో రెండుసార్లు తుడిస్తే చాలు, మొదటి తూటా పైకి పోదు," అంది ఐలా.

"నాకు తెలుసు ఎలా తుడవాలో." రైఫిలు పక్కన పెట్టాడు. "ఇంకా రెండున్నాయి నీకు. మాటంటే మాటే. చల్లారిందా నీ గొట్టం?"

"చల్లారింది."

ఒకటి పేల్చి పావుగంట ఆగింది. ఇంకొకటి పేల్చింది. ఆ పావుగంటా ఆర్విడ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడూ పళ్ళెంలోనే పడ్డాయి.

"ట్రావిస్, నువ్వు వాగు దగ్గర కూర్చో," అని ఆర్విడ్ కట్టెలు పేర్చడానికి వెళ్ళిపోయాడు.

పదిహేనో తారీఖు. స్కూళ్ళకి సెలవు. తెల్లారేసరికి ఐలా సీడార్ మంచె మీద ఉంది. పళ్ళెం ఎన్నిసార్లు కొట్టినా అది పరుగెత్తదు, దానికి నెత్తురుండదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

ఎనిమిదిన్నరకి ఆడజింకలు రెండు దాటాయి. వాటి వెనక ఒక మగది, చిన్న కొమ్ములది, ఆగి ఆగి వచ్చింది. ఐలా రైఫిలును మంచె కడ్డీ మీద తూటాల పెట్టె దగ్గర ఆనించింది. జింక ఆమెకి ఎదురుగా నిలబడింది, ఛాతీ ఇటు పెట్టి. డెబ్బై అంగలు. ఆర్విడ్ అయితే పేల్చేవాడు. ఐలా పేల్చలేదు. జింక ఇంకో నాలుగడుగులు వేసింది, సీడార్ కొమ్మ వెనక్కి. మరో రెండు వేస్తే చిత్తడి. పోతే పోనీ, అనుకుంది. పోయినా మళ్ళీ రేపొస్తాను. కాని అది పక్కకి తిరిగితే తప్ప పేల్చను.

కొమ్మ అవతల జింక తల వంచింది. ఒక అడుగు ముందుకు వేసి, పక్కకి తిరిగింది.

పేల్చింది.

జింక ఎగిరి చిత్తడిలోకి దూకింది. పోయిన ఏటి దారే. చెట్లు మూసుకున్నాయి. చప్పుడు ఆగిపోయింది.

వెంటనే దిగకూడదు. గాయపడ్డదాన్ని తరిమితే మైళ్ళు పోతుంది. అరగంట ఆగాలి. ఆ అరగంటా ఐలా గడియారం చూస్తూ కూర్చుంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. గురి ఎక్కడ ఉందో, ఆనింపు ఎక్కడ ఉందో, కొమ్మ ఎంత దూరంలో ఉందో మళ్ళీ మళ్ళీ చూసుకుంది. తప్పు కనబడలేదు. పోయిన ఏడు ఈ అరగంటలో తప్పు తప్ప మరేదీ కనబడలేదు.

దిగింది. మొదటి చుక్కలు ఎర్రగా, నురగతో ఉన్నాయి. ఊపిరితిత్తుల నెత్తురు. ఆమె పరుగెత్తలేదు, ఒక్కొక్క చుక్కా చూసుకుంటూ నడిచింది. ముప్ఫై అంగలు. నలభై. పడిన సీడార్ మాను అవతల, నాచు మీద, జింక పక్కకి ఒరిగి ఉంది. కన్ను అప్పటికే మసకబారింది. కర్రతో ఆ కంటిని తాకి చూసింది. కదలలేదు. తూటా దెబ్బ తను అనుకున్న చోటే ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు దాని మెడమీద చెయ్యి వేసి ఉంచింది. ఇంకా వెచ్చగా ఉంది. తర్వాత కొమ్ముకి వేట లైసెన్సు ట్యాగు కట్టి, కోటు చేతులు పైకి మడిచి, కత్తి తీసింది.

పొట్ట శుభ్రం చెయ్యడం అయిపోయేసరికి చెట్లలో అడుగుల చప్పుడు. ఆర్విడ్.

"ఒక్కటే వినబడింది," అన్నాడు. "రెండోది వినబడలేదు. సరే చూద్దామని వచ్చాను." జింక చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి తూటా దెబ్బ చూశాడు. తాడు తీసి భుజాన వేసుకున్నాడు. "తప్పుకో, నేను లాగుతా. నీ భుజం."

"ఎడమ భుజం బాగానే ఉంది," అంది ఐలా, ఒక కొమ్ము పట్టుకుని. "నువ్వా పక్క పట్టు. మాను దగ్గర నేను చెప్పినప్పుడు ఎత్తు."

"సరే, చెప్పు," అన్నాడు ఆర్విడ్, రెండో కొమ్ము పట్టుకుంటూ.